ప్రమాణమును, లెక్కయును

అబద్ధమాడువాడు ప్రమాణమునకు వెఱచునని మనవారి నమ్మకము. ఇంటిలో వెండిగిన్నె కనబడనిచో పనిమనిషిచేత కర్పూర మార్పింతుము. చిత్తూరు జిల్లాలోని కాణిపాకము వినాయకుని సన్నిధి ఇట్టి సత్యప్రమాణములకే పేరు పొందినది. రాజకీయ నాయకులు లంచముల నిందలు వేసికొన్నప్పుడు, “దమ్మున్నచో కాణిపాకమునకు రమ్ము” అని సవాలు చేసికొనుట పత్రికలు చదువువారి కెల్లరకును తెలిసినదే.

దైవవిషయమున నేను సంశయవాదిని. అయినను ఇచ్చట నా సంశయము దేవుని గూర్చినది కాదు. నింద సొమ్మును గూర్చినది. సొమ్మునకు చిట్టా యుండును, రసీదు లుండును. చిట్టా తెమ్మనవలసిన చోట మనము కర్పూరము తెమ్మనుచున్నాము. ఇది తెగువకు పరీక్షయే కాని నిజమునకు పరీక్ష కాదు. పిఱికివాడైన నిర్దోషి వెనుదీయును; మొండివాడైన దోషి జంకులేక చేయి చాచును. పనిమనిషి సంగతి మఱింత ఘోరము. ఆమె చేయి వణకినచో దొంగయని తేల్చుదుము. గిన్నెను ఎచ్చటనో పెట్టి మఱచిన యజమానురాలిచేత ఎవరును ప్రమాణము చేయింపరు.

“దైవభయము లేనిచో నీతి నిలుచునా?” అని పెద్దలడుగుదురు. ఇంగ్లండు పార్లమెంటును ఈ ప్రశ్న యాఱేండ్లు వేధించినది. 1880లో నార్తాంప్టన్ నుండి ఎన్నికైన నిరీశ్వరవాది చార్లెస్ బ్రాడ్లా, దేవుని పేర ప్రమాణము చేయుటకు బదులు తన మాటనే పూచీగా నిచ్చెదననెను. సభవారు కూర్చుండనీయలేదు. ఓటర్లు మరల మరల ఆయననే పంపిరి. 1886లో గాని ఆయనకు స్థానము దక్కలేదు. దైవనామము లేని దృఢవచనము చాలునను చట్టము 1888లో వచ్చినది. మరుసటి యేట బొంబాయి కాంగ్రెసునకు ఆయన వచ్చెను కూడ. మన రాజ్యాంగము ఆ రెండు విధములకును తావిచ్చినది. దైవసాక్షిగా పదవి చేపట్టిన మంత్రులలో లంచపు నేరమునకు శిక్ష పడినవారు లేకపోలేదు.

ప్రమాణముకన్న గట్టిదియొకటి పల్లెలలో పుట్టినది. రాజస్థానమున మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వారు 1994 మొదలు బహిరంగ విచారణలు జరిపిరి. వారు చేసినదెల్ల, కూలీల మస్టరు పట్టీలను ఊరివారి యెదుట బిగ్గరగా చదువుటయే. పనిచేసినట్లు వ్రాయబడినవారు లేచి, తామా పనికి పోనేలేదనిరి. చచ్చినవారి పేర్లును బయటపడెను. 2005 నాటి సమాచార హక్కు చట్టమునకు ఈ పట్టుదల యొక ముఖ్యకారణము. 2006 నుండి ఆంధ్రప్రదేశమున ఉపాధి హామీ పనులకును ఇట్టి సామాజిక తనిఖీ జరిగినది. అచ్చట ఎవరి భక్తియు అక్కఱ లేదు. చదువురాని కూలిస్త్రీ లేచి, “ఆ వారము నేను పుట్టింట నుంటిని” అనగలిగినచో చాలును. ముద్రలు వేసిన కాగితము అబద్ధమై పోవును.

కాని సంశయవాది తన మందునుకూడ శంకింపవలెను. తనిఖీలో తేలిన సొమ్ములో తిరిగి రాబట్టబడినది కొంతభాగమే. దొంగ యెవడో బుద్ధి చూపినది, చూచినవారు ఊరకుండిరి. వాడు బంధువు, లేదా మన కులమువాడు, లేదా రేపు వానితో పని యున్నది. లోపము తర్కమున లేదు. నిందితుడు పరాయివాడైనచో లెక్క ఒప్పనియు, తనవాడైనచో అదే లెక్క తప్పనియు వాదించువారు పట్టభద్రులలోను కలరు. వారి తెలివి తక్కువది కాదు. అది ఎవరికి కొలువు చేయుచున్నదో చూడవలెను.

ఇంతదూరము పోనేల? గుడి జీర్ణోద్ధరణమునకు చందా యిచ్చినవారు ఖర్చు వివర మడిగినచో, “దేవుని సొమ్మునకు లెక్కలా?” అని నొచ్చుకొందురు. అంగడిలో ప్రతి వంకాయను తిప్పి చూచి యేరు గృహిణియు ఆ మాట విని మిన్నకుండును. అడిగినవానికి నాస్తికుడని పేరు. నేనెఱిగినంతలో అట్టి లెక్కను పదిమందిలో మొదట అడిగినది పరమభక్తురాలైన యొక ముసలమ్మ. దేవుని సొమ్ము గనుకనే లెక్క కావలెననినది.