విదేశీ సాయంలో దాత ఎవరు?

తన స్వత్వాన్ని వదులుకొని ఎదుటివారికి స్వత్వం కలిగించడమే దానమని ధర్మశాస్త్రకారుల నిర్వచనం. ఇందులో రెండు పనులున్నాయి. ఇచ్చేవాడి సొంతం పోవాలి, పుచ్చుకొనేవాడి సొంతం కావాలి. విదేశీ సాయాన్ని పేదలకు చేర్చే ప్రభుత్వాధికారి దగ్గరకు వచ్చేసరికి ఈ నిర్వచనం చిక్కులో పడుతుంది. ఆ సొమ్ము అతనిది కాదు కాబట్టి అతను వదులుకొనేదేమీ లేదు. మరి అతని పనిని దానమనవచ్చా?

పూర్వమీమాంస ఇలాంటి ప్రశ్ననే ఏనాడో చర్చించింది. విశ్వజిత్ యాగం చేసినవాడు సర్వస్వం ఇచ్చేయాలి. ఆ చేసినవాడు రాజైతే భూమిని కూడా ఇవ్వవచ్చా? కూడదని జైమిని సూత్రాల ఆరో అధ్యాయం తేలుస్తుంది. భూమి మీద అందరికీ ఒకే హక్కు. రాజుకు ఉన్నది కాపాడే బాధ్యత, పంటలో భాగం తీసుకొనే అధికారం మాత్రమే. ఏలుబడి వేరు, సొంతం వేరు.

ఈ తేడా వనపర్తి సంస్థానాధీశుడు జె.రామేశ్వర్ రావు జీవితంలో స్పష్టంగా కనిపిస్తుంది. వనపర్తి రాజభవనం 1959లో పాలిటెక్నిక్ కళాశాల అయింది. సొంత భవనాన్ని చదువుకు ఇవ్వడం దానమే. అంతకుముందు, 1950లలో, ఆయన భారత విదేశాంగ సేవలో ఆఫ్రికాలో పనిచేశారు. అక్కడ ఆయన ఇచ్చిన మాటకు కర్త భారత ప్రభుత్వం. మనిషి ఒకడే అయినా మొదటిచోట దాత, రెండోచోట ప్రతినిధి.

విదేశీ సాయం వనపర్తి ఉన్న పాలమూరుకు, అంటే పాత మహబూబ్‌నగర్ జిల్లాకు, పలుమార్లు వచ్చింది. నేటి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు 2016 అక్టోబరు 11 వరకు మహబూబ్‌నగర్ జిల్లాలో భాగం. వలస కూలీలకు పేరుపడిన ఆ జిల్లాలో 1990ల ద్వితీయార్ధంలో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం దక్షిణాసియా పేదరిక నిర్మూలన పథకాన్ని నడిపింది. మహిళల పొదుపు సంఘాలను గ్రామస్థాయిలో కలపడం దాని పద్ధతి. బ్రిటన్ సాయంతో నడిచిన గ్రామీణ జీవనోపాధుల పథకం కూడా ఇక్కడ పనిచేసింది. 2000లో ప్రపంచ బ్యాంకు రుణంతో ఆరు జిల్లాల్లో మొదలైన ‘వెలుగు’ పథకంలో మహబూబ్‌నగర్ కూడా ఉంది. దాని నిర్వహణకు ప్రభుత్వం గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థను, అంటే సెర్ప్‌ను, నెలకొల్పింది.

సెర్ప్‌కు ముఖ్య కార్యనిర్వహణాధికారిగా పనిచేసిన ఐఏఎస్ అధికారి టి.విజయకుమార్ ఆ తర్వాత కేంద్రంలో జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ బాధ్యతలు చూశారు. అటుపై ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ ద్వారా ప్రకృతి సేద్యాన్ని నడిపించారు. ప్రపంచ బ్యాంకు, జర్మనీ అభివృద్ధి బ్యాంకు వంటి సంస్థల నిధులతో ముడిపడిన ఉద్యోగ జీవితమిది. ఇలాంటి అధికారిని దేనితో తూచాలి?

భగవద్గీత పదిహేడో అధ్యాయం సాత్త్విక దానానికి దేశం, కాలం, పాత్రత చూడాలంటుంది. సాయం ఇచ్చే దేశం దూరాన ఉంటుంది, పాత్రుడెవరో దానికి తెలియదు. అధికారి కూడా కాగితాల మీదే పేదను చూస్తాడు. అయితే ‘వెలుగు’లో నిరుపేదలెవరో ఊరివాళ్లే కూర్చొని గుర్తించారు. సామాజిక పెట్టుబడి నిధి సంఘాలకు చేరింది. సభ్యురాలు తీర్చిన అప్పు తిరిగి సంఘానికే దక్కి, మరో సభ్యురాలికి అందింది. అధికారికి వదులుకొనే స్వత్వం లేకపోయినా, ఎదుటివారికి స్వత్వం కలిగించే పని అతని చేతిలో ఉందని ఈ పద్ధతి చూపుతుంది.

దీనికి రెండు అభ్యంతరాలున్నాయి. మొదటిది, ప్రపంచ బ్యాంకు ఇచ్చింది అప్పు. దాన్ని తీర్చేది ఖజానా, ఖజానా నింపేవారిలో అగ్గిపెట్టె కొన్నా పన్ను కట్టే కూలీలూ ఉన్నారు. పుచ్చుకొన్నవారే ఒక లెక్కన చెల్లించేవారు కూడా. కాబట్టి వారి నుంచి కృతజ్ఞత ఆశించే హక్కు బ్యాంకుకూ లేదు, అధికారికీ లేదు. రెండోది, చేతికి డబ్బు వచ్చినంతమాత్రాన స్వత్వం రాదు. సూక్ష్మరుణ సంస్థలు పల్లె మహిళలకు ధారాళంగా అప్పులిచ్చాయి. వసూళ్ల ఒత్తిడి ఆత్మహత్యల దాకా వెళ్లడంతో 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ సంస్థలను అదుపు చేసే ఆర్డినెన్స్ తేవలసి వచ్చింది. వాయిదాల మీద, షరతుల మీద మాట చెల్లని చోట డబ్బు చేరినా అధికారం చేరదు.

అందువల్ల అధికారి ధర్మాన్ని దాన ప్రకరణంలో కాక నిక్షేప ప్రకరణంలో వెతకడం న్యాయం. ఒకరు నమ్మి దాచిన సొమ్మును తగ్గకుండా అప్పగించడం నిక్షేప ధర్మం. మనుస్మృతి లెక్కించిన పద్దెనిమిది వ్యవహార పదాల్లో, అంటే వ్యాజ్య విషయాల్లో, అదొకటి. అప్పగిస్తే దాతకు దక్కే పుణ్యం రాదు, కాజేస్తే దొంగకు పడే శిక్ష పడుతుంది. విదేశీ సాయంలో ఆ సొమ్ము చివరకు చేరవలసింది ఊరికి. లెక్క సరిగా ఉండటం అధికారి మొదటి బాధ్యత. ఆ సొమ్ము మీద నిర్ణయం కూడా ఊరి చేతికి వచ్చేలా చూడటం రెండోది. మొదటిది నెరవేర్చినవాడు నిజాయితీపరుడు, రెండూ నెరవేర్చినవాడు సమర్థుడు. దాత అన్న పేరు మాత్రం ఇద్దరికీ చెందదు.