తప్పించిన ఆపద ఎవరి వాకిట?

ఆపదను తప్పించుట ధర్మమేనా అని సాధారణముగా ఎవరును అడుగరు. తప్పించిన ఆపద ఎక్కడికి పోవును అని మాత్రము అడుగవలసియున్నది. వరద రాత్రి ఏటిగట్టుకు కాపలా కాసిన రైతులకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. ఆవలి గట్టుకు గండిపడినచో ఈవలి ఊరు బ్రతుకును. అందుచేతనే వారు నీటిని మాత్రమే గాక, చీకటిలో పార పట్టుకొని వచ్చు పొరుగువానిని కూడ కనిపెట్టియుందురు.

ఇదే ప్రశ్న ఇప్పుడు ఆకాశమునుండి వచ్చుచున్నది. 2024 డిసెంబరు 27న చిలీ దేశములోని ఒక దూరదర్శిని సుమారు 60 మీటర్ల గ్రహశకలమును కనుగొనెను. దానికి 2024 వై.ఆర్.4 అని పేరు. అది 2032 డిసెంబరు 22న భూమిని ఢీకొను అవకాశము 2025 ఫిబ్రవరిలో ఒక దశలో నూటికి మూడు వంతులు దాటెను. 1908లో సైబీరియాలోని తుంగూస్కా ప్రాంతమున రెండువేల చదరపు కిలోమీటర్లకు పైగా అడవిని పడగొట్టినది దాదాపు ఇట్టిదే. అదృష్టవశమున ఆ నెలాఖరునకే, క్రొత్త పరిశీలనలవలన ఆ భయము తీరిపోయెను.

అయితే ఆ కొద్ది వారములలో శాస్త్రజ్ఞులు భూగోళముపై గీచిన గీత మరువదగినది కాదు. తూర్పు పసిఫిక్ మొదలుకొని దక్షిణ అమెరికా ఉత్తర భాగము, అట్లాంటిక్, ఆఫ్రికా, అరేబియా సముద్రము మీదుగా అది దక్షిణాసియా వరకు సాగెను. శకలము పడినచో ఆ గీత మీదనే ఎక్కడనో పడవలెను. అది ముందుగా వచ్చినచో ఒక దేశము, కొంచెము ఆలస్యముగా వచ్చినచో మరియొక దేశము.

అట్టి శకలమును మళ్ళించుట నేడు కల కాదు. 2022 సెప్టెంబరు 26న అమెరికా పంపిన డార్ట్ అను వ్యోమనౌక, సుమారు 160 మీటర్ల డిమోర్ఫోస్‌ను సెకనుకు ఆరు కిలోమీటర్ల వేగముతో ఢీకొట్టెను. డిడిమోస్ అను పెద్ద శకలము చుట్టు అది తిరుగు కాలము 11 గంటల 55 నిమిషములనుండి సుమారు 33 నిమిషములు తగ్గెను. పేల్చివేయుట అవసరము లేదు. చాల ముందుగా వేగమును రవ్వంత మార్చిన చాలును.

ధర్మసంకటము ఇక్కడనే పుట్టుచున్నది. శకలము వేగము మారుచున్నకొలది, అది పడు చోటు ఆ గీత వెంబడి జరుగుచు, చివరకు భూమి అంచు దాటిపోవును. నెట్టు చాలకపోయినచో అది దాటిపోదు; అంతవరకు ఏ ప్రమాదమును లేని మరియొక దేశముపై పడును. గీత కొననున్న దేశమునకు చిన్న నెట్టు చాలును. నడుమనున్న ఆఫ్రికా దేశమును కాపాడవలెనన్న, ఏ దిక్కునకు నెట్టినను పొరుగువారి తలలమీదుగానే నెట్టవలెను. 1969లో అపోలో 9 నౌకలో ప్రయాణించిన రస్సెల్ ష్వైకార్ట్ ఈ సంగతినే పలుమారు హెచ్చరించెను. ఒక ఊరికి పిడుగు తప్పినదన్న సంతోషమును ప్రక్క ఊరివారితో పంచుకొనుట కష్టము.

ఇట్టి ప్రయత్నమే దైవచిత్తమునకు అడ్డుపడుట గదా అనువారును లేకపోలేదు. 1721లో బోస్టన్‌లో మశూచికి విరుగుడుగా మనుష్యులకు ఆ వ్యాధిరసమునే ఎక్కించినప్పుడు ఇట్టి ఆక్షేపణ వచ్చెను. ఆ పద్ధతిని సమర్థించినవారిలో కాటన్ మేథర్ అను పాదిరి ముఖ్యుడు. దానిపై ఇంతకంటె వాదము అనవసరము.

యోనా ఎక్కిన ఓడలోని నావికుల నడత ఇక్కడ ఎక్కువగా ఆలోచింపదగినది. తుపాను ఒకని నిమిత్తమే వచ్చినదని వారికి తెలిసెను. తన్ను నీటిలో వేయుడని అతడే చెప్పెను. అయినను వారు వెంటనే అట్లు చేయక, ఓడను ఒడ్డు చేర్చుటకు తెడ్లు వేసి చాల శ్రమపడిరి. అది సాధ్యము కానప్పుడు, తమ్మును దోషులుగా ఎంచవద్దని వేడుకొనిన తరువాతనే అతని వదలిరి. సమ్మతించినవాని విషయములోనే అన్యజనులైన ఆ నావికులు అంతగా వెనుకాడిరి. నైజీరియా రైతు గాని, అరేబియా సముద్రమున వల వేయు జాలరి గాని ఎవరికిని సమ్మతి తెలుపలేదు.

చట్టము ఈ విషయములో ఇంకను తడబడుచున్నది. అంతరిక్షములోనికి పంపిన వస్తువు భూమిపై నష్టము కలుగజేసినచో, పంపిన దేశమే పరిహారమీయవలెనని 1972 నాటి ఒడంబడిక చెప్పుచున్నది. గ్రహశకలము ఎవరును పంపినది కాదు గదా! దానిని దారి మళ్ళించినవారు దానికి కర్తలగుదురా? ఐక్యరాజ్యసమితి ప్రోద్బలముతో 2014 నుండి సమావేశమగుచున్న అంతరిక్ష సంస్థల సలహామండలి కలదు. యాబది మీటర్లకు మించిన శకలము ఢీకొను అవకాశము నూటికొకటి దాటినప్పుడు, అది మళ్ళించు ఉపాయములను యోచించును. ఆజ్ఞాపించు అధికారము దానికి లేదు.

శకలము చిన్నదైనచో దానిని కదపక, మనుష్యులనే కదల్చుట మేలు. 1977లో దివిసీమ ఉప్పెనలో వేలాదిమంది మరణించిరి. తరువాతి కాలమున తీరమువారిని ముందుగానే తరలించుటవలన ఎందరో బ్రతికిరి. తుపానును ఒడిషాకో తమిళనాడుకో త్రోసి కాదు. ఇండ్లు పోవును, పొలములు పాడగును, కాని ఆ నష్టము పొరుగువానికి అప్పగింపబడదు. శకలము పెద్దదై, నెట్టక తప్పనప్పుడు, భూమి అంచును చాల దూరము దాటించునంత బలము సమకూర్చుకొనకుండ చేయి వేయరాదు. సగములో ఆగిపోయినచో నష్టమును భరింతుమని ముందుగానే వ్రాసియీయవలెను.

2025 నాటి గీత క్రిందనున్న దేశములలో సొంత రాకెట్టుతో వ్యోమనౌకను అంత దూరము పంపగలది భారతదేశము తప్ప మరియొకటి కనబడదు. తూర్పు కొనకు దగ్గరగా ఉన్నందున దానికి నెట్టవలసినది తక్కువ. శకలమును తూర్పునకు నెట్టుట సాధ్యపడక, పడమటికే నెట్టవలసివచ్చినచో, దారిలో ఇతియోపియా, సూడాను, నైజీరియా మొదలైన దేశములు ఎదురగును. అట్టి నౌక సిద్ధమగుటకు ఏండ్లు పట్టును. సమ్మతి అడుగుటకు వ్యవధి ఆ ఏండ్లే.