రాత కాదు, కారణం



ఏ పని చెడినా మన నోట ముందుగా వచ్చే మాట "రాత అంతే", "నసీబ్ బాగలేదు". ఈ మాట అంటే తప్పేముంది, బాధలో ఉన్నవాళ్లకు కాస్త ఓదార్పే కదా అని కొందరు ఉపాసకులే అడుగుతుంటారు. ధమ్మంలోకి వచ్చిన మనం దీన్ని తేలిగ్గా వదిలెయ్యకూడదు. ఒక చిన్న వస్తువు పెట్టి ఆలోచిద్దాం.

నాంపల్లిలో ఓ ఇరుకు గల్లీ, అందులో ఒక ఇల్లు అనుకోండి. మెట్ల మీద చీకటి. ఆ ఇంటి పిల్లవాడు అబిడ్స్ దాటి కోఠీ గుజరాతీ గల్లీకి పోయి, కదలికను పసిగట్టే పి.ఐ.ఆర్. సెన్సార్, 12 వోల్టుల ఎల్.ఈ.డి. స్ట్రిప్, అడాప్టర్ తెచ్చాడు. ఎవరైనా మెట్లెక్కితే లైటు దానంతటదే వెలగాలి. వైర్లు కలిపాడు, వెలగలేదు. "మన ఇంటికి వెలుగు రాసిపెట్టి లేదురా" అంటుంది నానమ్మ.

సర్క్యూట్‌కు రాత తెలియదు, కారణాలే తెలుసు. ఈ రకం సెన్సార్‌కు కరెంటు ఇచ్చాక కుదురుకోవడానికి సుమారు ఒక నిమిషం పడుతుంది. అంతసేపు ఆగాడా? మనిషిని పసిగట్టినప్పుడు అది ఇచ్చేది 3.3 వోల్టుల సంకేతం మాత్రమే. 12 వోల్టుల స్ట్రిప్‌ను నేరుగా దానికి తగిలిస్తే వెలగదు. మధ్యలో మాస్‌ఫెట్ ఉండాలి, అదీ అంత తక్కువ వోల్టేజికే తెరుచుకునే రకం కావాలి. సెన్సార్ గ్రౌండ్, మాస్‌ఫెట్ గ్రౌండ్ కలిసి ఉండాలి. మల్టీమీటర్‌తో కొలుస్తూ ఒక్కోసారి ఒక్కటే మార్చాలి. నాలుగూ ఒకేసారి మారిస్తే, వెలిగినా ఎందుకు వెలిగిందో తెలియదు.

వెలిగాక ఇంకో ఫిర్యాదు వస్తుంది. పిల్లవాడు ఆ మెట్ల మీదే కదలకుండా ధ్యానంలో కూర్చుంటే లైటు ఆరిపోతుంది. "సెన్సార్ ఖరాబైంది" అంటాం. కాలేదు. అది చూసేది మనిషిని కాదు, ఒంటి వేడి కదలికను. కదలిక లేకపోతే దానికి మనిషి లేనట్టే. సరిగ్గా చూడకుండా తప్పు మోపితే, మంచి సెన్సార్‌ను పారేసి ఇంకోటి కొంటాం. అదీ అట్లాగే ఆరిపోతుంది.

ప్రతిదీ కారణాల మీద ఆధారపడి పుడుతుంది, ఆ కారణాలు పోతే అదీ పోతుంది. తథాగతుడు చెప్పిన ప్రతీత్యసముత్పాదం ఇదే. ఎవరో పెద్దలు చెప్పారని నమ్మవద్దు, పరీక్షించి చూడమని కాలాములకు చెప్పిందీ ఈ దారే.

ఇది లైటుతో ఆగే సంగతి కాదు. మ్యాన్‌హోల్‌లో దిగి ఊపిరాడక మనవాడొకడు పోతే, "వాడి కర్మ" అనేవాళ్లు ఇంకా ఉన్నారు. కారణం వెతికి చూడండి. లోపల విషవాయువు ఉంది. రక్షణ సామగ్రి ఇవ్వలేదు. అట్లా దింపకూడదని 2013 చట్టం చెప్పినా దింపారు. ఆ పని తరతరాలుగా కొన్ని కులాల మీదే పెట్టారు. ఇందులో పూర్వజన్మ ఎక్కడుంది? 1957లో వెలువడిన 'బుద్ధుడు, ఆయన ధమ్మం' గ్రంథంలో బాబాసాహెబ్ పూర్వజన్మ కర్మ వాదాన్ని తోసిపుచ్చారు. పేదల దుస్థితికి బాధ్యత నుంచి సమాజమూ రాజ్యమూ తప్పించుకోవడానికే అది పనికొస్తుందని గట్టిగా చెప్పారు.

మరి ఓదార్పు సంగతి? రాత అన్న మాట ఏడుపును ఆపుతుందేమో గానీ, రేపు ఇంకొకడు దిగకుండా ఆపదు. ఏడ్చేవాళ్ల పక్కన కూర్చోవడం కరుణ. కారణం వెతకడం ప్రజ్ఞ. ఈ రెండూ కలిసి ఉండాలి. ఒక్క తేడా కూడా మరవద్దు. సర్క్యూట్‌లో చెడిన భాగాన్ని తీసి పారేస్తాం, మనిషిని అట్లా పారెయ్యలేం.

అందుకే ఇంట్లో పిల్లలు ఏదైనా విప్పి చూస్తుంటే "ఎందుకురా ఈ గోల" అనకండి. ఎక్కడ తెగిందో వెతకనివ్వండి. ఇవ్వాళ వైరులో వెతికినవాళ్లే రేపు సమాజంలో వెతుకుతారు.