అడగకుండా వడ్డించేది

సంక్రాంతికి నగరం అనే ఊరికి వెళితే, మాస్టారు అరుగు మీద పాత ల్యాప్‌టాప్‌తో కుస్తీ పడుతున్నారు. అందులో ఫెడోరా లినక్స్ వేసింది నేనే. మనవరాలి కోసం ఎవరో ఫోన్లో తీసిన పాఠం వీడియో తెరుచుకోవడం లేదు.

"హెచ్.265 పద్ధతిలో మూట కట్టిన వీడియో అండి. ఆ మూట విప్పే డీకోడర్ ఫెడోరాలో ఉండదు. పేటెంట్ల గొడవ. 2022లో మెసా అనే గ్రాఫిక్స్ డ్రైవర్లలోంచి దీనికి చిప్ సాయం కూడా తీసేశారు. డెబియన్ అనే ఇంకో లినక్స్ వాళ్ళయితే మామూలుగానే ఇస్తారు."

"మన దగ్గరా ఉందా ఆ గొడవ?"

"మన పేటెంటు చట్టం సెక్షన్ 3(కె) ప్రకారం ఉత్త ప్రోగ్రాముకి పేటెంటు లేదండి. కానీ ఫెడోరా వెనకున్న కంపెనీ అమెరికాది."

"అంటే అక్కడి లాయరు భయానికి ఇక్కడి పిల్ల పాఠం ఆగిందన్నమాట."

"అందుకే ఉన్న డీకోడర్లన్నీ ముందే పెట్టేయాలంటాను. అక్కర్లేనివాడు తీసేసుకుంటాడు."

"ఉందని తెలిస్తే కదరా తీసేది!"

నిజం ఒప్పుకోవాలి. 2016లో ఒక భద్రతా పరిశోధకుడు చూపించాడు: పాత నింటెండో ఆటల సంగీతం చదివే డీకోడర్ ఒకటి ఉబుంటు లినక్స్ 12.04లో ఊరికే ఉండిపోయింది. దాన్ని ఏమార్చే ఫైలుకి ఎంపీ3 అని పేరు పెడితే, ఆ ఫోల్డర్ తెరిస్తే చాలు, కంప్యూటర్ పరాయివాడి చేతికి పోతుంది. ఆ సంగతి చెప్పాను.

మాస్టారు వీధి వైపు చూశారు. "2014 జూన్ 27 తెల్లవారుజామున ఈ ఊళ్ళో గ్యాస్ పైపు పేలి మనుషులు పోయారే, ఆ పైపులో ఏం పారాలో మనల్నెవరైనా అడిగారా?"

"పోలిక మరీ పెద్దదండి."

"పెద్దదే. చావులకీ వీడియోకీ పోలికేంటి, తప్పే. నేననేది, తెలియనివాడి తరఫున ఎంచేవాడు ఎవడికి జవాబు చెప్పాలి? లాయరుకా, నీకా, ఈ పిల్లకా?"

"పిల్లకేనండి. అయితే నాలుగైదు పెడదాం. హెచ్.264, హెచ్.265, వీపీ9 ఉండాలి. ఏవీ1కి డేవిడ్ అనే డీకోడర్ ఉంది, 2018 నాటిది, చాలా చురుకు. ఈ ముసలి యంత్రం మాత్రం ఫ్యాన్ హోరెత్తిస్తుంది, పోనీండి. మిగతావి అడిగితే ఇద్దాం."

"అడగాలని ఎలా తెలుస్తుందిరా?"

"మీ మాటే మీకు అడ్డొచ్చిందండి!"

"ఆయ్, వచ్చింది. ఇందాక వీడియో తెరిస్తే చిన్న పెట్టె లేచింది. అందులో ఏముంది?"

నాకు గుర్తు లేదు. అలవాటు కొద్దీ చదవకుండానే మూసేశాను.

"మళ్ళీ తెరువు," అన్నారు మాస్టారు, కళ్ళజోడు సర్దుకుంటూ. "ఈసారి పిల్ల చేత చదివిద్దాం. దానికి అర్థమవుతుందేమో చూద్దాం."