చిన్నవారి కన్నులయెదుట



సామెతలు 23వ అధ్యాయములో జ్ఞాని మద్యమును త్రాగుటనుగూర్చి మాత్రమే గాక, పాత్రలో దాని రంగును చూచుటనుగూర్చికూడ హెచ్చరించెను. ఆశ అనేకసారులు కంటిద్వారా లోపల ప్రవేశించును. ఈ సంగతి వ్యాపారులకును బాగుగా తెలియును. అందుకే ప్రకటనలకు అంత ధనము వెచ్చింతురు.

మన దేశములో 1994 నాటి కేబుల్ టెలివిజన్ నియమములు మద్యము ప్రకటనలను, నేరుగా గాని చాటుగా గాని, చూపకూడదన్నవి. అయినను సోడా అనియు, పాటల క్యాసెట్లనియు చెప్పి, అదే పేరును అవే రంగులను తెరమీద చూపుచు వచ్చిరి. పేరు పిల్లవాని నోట నిలిచిన చాలునని వారి తలంపు. 2022లో కేంద్ర ప్రభుత్వపు మార్గదర్శకములు ఇట్టి ముసుగు ప్రకటనలనుకూడ నిషేధించెను. ద్రాక్షతోటలకు పేరుపొందిన ఫ్రాన్సు దేశమే 1991లో చట్టముచేసి, టెలివిజనులోను సినిమాహాళ్లలోను మద్యము ప్రకటనలను మాన్పించెను. నార్వే 1975లోనే ఆ పని చేసెను.

“అమ్ముట చట్టసమ్మతమైనప్పుడు, అమ్మువాని నోరు కట్టుట న్యాయమా? ఇష్టమున్నవాడు త్రాగును, లేనివాడు మానును గదా” అని కొందరందురు. ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. పెద్దవాడు మేలు కీడులు తూచుకొనగలడు. అతని సంగతి వేరు. అయితే గ్రుడ్డివాని దారిలో అడ్డము వేయకూడదని లేవీయకాండము 19వ అధ్యాయము ఆజ్ఞాపించుచున్నది. అడ్డము వేసినవాడు “వాడే చూచుకొని నడువవలసినది” అని తప్పించుకొనలేడు; వానికి చూపు లేదని యెరిగియే వేసెను. పిల్లవానికి ఈ విషయమందు ఇంకను చూపు రాలేదు. పైగా ప్రకటన సగము మాటయే చెప్పును. ఆటగాండ్రను, స్నేహితుల నవ్వులను చూపును. తాకట్టుకు పోయిన బిందెను, అర్ధరాత్రి వరకు గుమ్మమున కూర్చున్న భార్యను చూపదు. సగము మాటతో చిన్నవారిని పిలుచుట స్వేచ్ఛ అనిపించుకొనదు. గనుక ఇట్టి చట్టము న్యాయమైనదే.

అయితే చట్టముమీదనే ఆనుకొనవచ్చునా? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాకు ఎదురు నిలిచిరి. 1995లో ఆంధ్రప్రదేశ్‌లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలిపోయెను. ప్రభుత్వము ఇచ్చినదానిని ప్రభుత్వమే తీసికొనగలదు.

మరియు గోడమీది బొమ్మను చట్టము చెరపగలదు గాని, తండ్రి చేతిలోని సీసాను అది చెరపలేదు. 21 ఏండ్లు నిండనివారికి మద్యము అమ్మరాదని మన రాష్ట్రములలో నియమమున్నది. అట్లుండగా కొడుకుచేతికి డబ్బిచ్చి దుకాణమునకు పంపు తండ్రి ఏమి చేయుచున్నాడు? పెండ్లిలోను క్రిస్మసు దినమునను పందిరివెనుక పెద్దలు త్రాగుచుండగా, పిల్లలు తొంగి చూచుచున్నారు. టెలివిజనులోని ఆటగాడు వారికి పరాయివాడు. తండ్రియో వారు నమ్మినవాడు. ఆయన చూపినది వారి మనస్సులో మరి గట్టిగా నిలుచును.

కావున ముసుగు ప్రకటనలను అడ్డగించు చట్టములను మనము సమర్థింతము. అంతకుముందుగా, దుకాణమునకు పిల్లలను పంపుట ఈ నెలనుండియే మానుదము. మన విందులలో సీసాకు చోటియ్యమని సంఘములో కలిసి తీర్మానము చేసికొందము. చిన్నవారి కన్నులయెదుట మనమేమి ఉంచుచున్నామో ప్రభువు మనకు చూపునుగాక.