నోరు తెరువలేని వానికి తోడు

నలుగురి యెదుట మాటలాడవలెనన్న వణకువారు మన సంఘములలో అనేకులు. ప్రార్థన చేయుమనగా తల వంచుకొందురు. కచేరీ గుమ్మము వరకు పోయి అర్జీ ఇయ్యకయే తిరిగివత్తురు. వారిని అవిశ్వాసులని గద్దింపవచ్చునా?

మోషే తనకు మాటనేర్పు లేదని వెనుకంజ వేసెను. దేవుడు అతని పని తప్పింపలేదు, అహరోనును తోడిచ్చెను.

మన ఆదిలాబాదు అడవులలోను తోడు దొరికిన కథ యున్నది. గోండి మాత్రమే యెరిగిన వారికి నిజాము నాటి ఉర్దూ కచేరీ భయస్థలమే. 1943లో మార్లవాయిలో గోండు యువకులకే ఉపాధ్యాయ శిక్షణ ఆరంభమాయెను. పిల్లలు తమ వారియొద్ద, తమ భాషలోనే అక్షరములు దిద్దిరి.

భయము గద్దింపుతో పోదు. వచ్చు ఆదివారము బెదరువాని ప్రక్కన కూర్చుండుడి. కచేరీకి అతనితో కూడ నడువుడి. బెదరు సహోదరుడా, నీవును ఒక్క మాటతో మొదలుపెట్టుము. నేటికది చాలును.