సంశయభార మెవరిది?

యుద్ధమున గుండు తగిలి కాలు పోగొట్టుకొన్నవానిని "నీ కాలు యుద్ధమునందే పోయినదా?" యని యడుగువాడు లేడు. ఆ గాయమే దానికి సాక్ష్యము. కాని యుద్ధము ముగిసి, యిల్లు చేరి, పదియేండ్లు గడచిన పిమ్మట నొకని కీళ్లు పట్టుకొనిపోయి, జ్ఞాపకము సడలి, నిద్ర దూరమైనచో వానిని నమ్మువారు తక్కువ, ప్రశ్నించువారెక్కువ. "ఈ వ్యాధి యుద్ధమువలననే వచ్చినదని నిరూపింపగలవా?" యని ప్రభుత్వము వాని నడుగును. వాడు నిరూపింపజాలడు. కాదని ప్రభుత్వమును నిరూపింపజాలదు. అట్టిచోట మిగిలిన సంశయమును మోయవలసినవా రెవరు? ఇది వైద్యుల ప్రశ్నగా తోచును గాని, విచారించినచో ధర్మమునకు సంబంధించిన ప్రశ్న యని మా యభిప్రాయము.

మొదట వృత్తాంతము చెప్పెదము. అమెరికా సైన్యము వియత్నాములో 1962 మొదలు 1971 వఱకు అడవుల యాకులు రాల్చుటకును, పంటలు చెఱచుటకును సుమారు 7 కోట్ల లీటర్ల మందులను చల్లెను. అందు పెద్దపాలు "ఏజెంట్ ఆరెంజ్" అనుదానిది. పీపాలపై నారింజరంగు పట్టీ యుండుటచే దాని కా పేరు వచ్చినది. తయారగునప్పుడే డయాక్సిన్ అను ఘోరవిష మందులో కలిసియుండెను. ఆ సంగతి దానిని చల్లిన సైనికు లెఱుగరు. చల్లిన నేలపై నడచినవారును ఎఱుగరు. పిమ్మట వ్యాధిగ్రస్తులైనవారు కంపెనీలపై వ్యాజ్యము వేయగా 1984లో 18 కోట్ల డాలర్లకు రాజీ కుదిరెను. కంపెనీలు తప్పు నొప్పుకొనలేదు. తుదకు 1991లో నొక చట్టము వచ్చెను. వియత్నాములో కొలువు చేసిన ప్రతివానికి ఆ విషము సోకినట్లే యెంచవలెననియు, శాస్త్రజ్ఞుల పరిశీలనలో సంబంధము కానవచ్చిన వ్యాధులకు ఎవరికి వారు వేఱుగ ఋజువు చూపనక్కఱలేదనియు దాని సారాంశము. చల్లుట నిలిచిన యిరువదియేండ్లకు గాని యీ మాట చట్టమున కెక్కలేదు.

ఆ సంవత్సరమే పారశీక సింధుశాఖ యుద్ధము జరిగినది. అందు పాల్గొన్న అమెరికా సైనికులు సుమారు 7 లక్షలమంది. వారిలో రమారమి నాలుగవపాలు మంది తీఱని యలసట, కండరముల నొప్పి, మఱపు, జీర్ణకోశవ్యాధులు మున్నగువానికి లోనైరి. మనోవ్యాకులతయే దీనికి మూలమని పలువురు వైద్యులు తేల్చిరి. కాని ఆ సైనికుల శరీరములకు సోకినవి యేమేమి? నాడులనుండి కండరములకు వార్త గొనిపోవు పదార్థమును, పని తీఱిన పిమ్మట విఱిచివేయు ఎంజైమొకటి మన దేహమున కలదు. సారిన్ అను విషవాయువు దానిని స్తంభింపజేయును. పురుగుమందులలో ననేకములు చేయుపనియు నదియే. శత్రువు విషవాయువును ప్రయోగించునేమో యను భయముతో ముందుజాగ్రత్తగా మ్రింగించిన పిరిడోస్టిగ్మీన్ మాత్రలును, కొంతకాలము మాత్రమే యైనను, ఆ యెంజైమునే పట్టుకొనును. ఈ మాత్రలను సుమారు రెండున్నర లక్షలమంది మ్రింగిరి. సైనికుల సమ్మతి నడుగకయే యిట్టి మందుల నిచ్చుటకు వీలుగా 1990 డిసెంబరులో నిబంధనను సడలించిరి.

విషవాయువు మాట యేమి? 1991 మార్చిలో ఇరాకునందలి ఖమీసియా యను చోట అమెరికా సైనికులు ఆయుధపు కొట్లను పేల్చివేసిరి. అందు సారిన్ నింపిన రాకెట్లు కలవని వారెఱుగరు. ఆ సంగతిని రక్షణశాఖ బహిరంగముగ నొప్పుకొన్నది 1996 జూనులో. గాలివాటున దాదాపు లక్షమందికి స్వల్పముగ సోకియుండవచ్చునని పిమ్మట ఆ శాఖయే లెక్కవేసెను. 2008లో ప్రభుత్వము నియమించిన పరిశోధక సలహాసంఘము ఈ వ్యాధి నిజమైనదనియు, మాత్రలును పురుగుమందులును దీనికి కారణములనియు నివేదించెను. 2022లో డల్లాసునందలి రాబర్ట్ హేలీ బృందము 1,016 మంది సైనికులను పరిశీలించి, సారిన్‌ను విఱుచు శక్తి పుట్టుకతోనే తక్కువగా గలవారిలో, విషవాయువు హెచ్చరికగంటలు విన్నవారికి వ్యాధి మిక్కిలి హెచ్చని చూపెను. గంటలు విన్నమాట వారి జ్ఞాపకముపై నాధారపడినది గనుక ఇదియును తుదిమాట కాదనువారు కలరు.

ప్రతిపక్షమును తేలికగా త్రోసివేయరాదు. కాకి వ్రాలుటయు తాటిపండు పడుటయు నొక్కసారి జరిగినంతమాత్రమున కాకియే పండును పడగొట్టినదనరాదు; దానినే పెద్దలు కాకతాళీయమనిరి. యుద్ధమునకు పోనివారికిని అలసట కలదు, మధుమేహము కలదు, క్యాన్సరు కలదు. ఒకటి యున్నచోట రెండవది యుండుటయు, లేనిచోట లేకుండుటయు చూపినగాని కార్యకారణసంబంధము సిద్ధింపదని తార్కికులు చెప్పుదురు. ప్రజల ధనమును వ్యయపఱచు ప్రభుత్వము ఋజువు నడుగుట తప్పా? తప్పు కారణమును నమ్మినచో తప్పు చికిత్సయు జరుగును గదా?

ఈ వాదమున సత్యమున్నది. కాని యిందు రెండు ప్రశ్నలు ముడివడియున్నవి. వ్యాధికి కారణమేమి యనునది మొదటిది. దానికి శాస్త్రము ఎన్నియేండ్లు తీసికొన్నను తీసికొనవచ్చును, తొందరపడుటయే దోషము. కారణము తేలువఱకు రోగి నెవరు చూడవలెననునది రెండవది. ఇది వేచియుండజాలదు, ఏలన, రోగి వేచియుండజాలడు. మొదటి ప్రశ్నకు తగిన కఠినమైన ఋజువును రెండవదానికిని కోరుటయే యిచ్చటి యన్యాయము. మధుమేహ మెందువలన వచ్చినదో నిశ్చయింపకయే మనము రోగికి మందిచ్చుచున్నాము.

మఱి యొక విషయము. ఋజువు కోరుటకు, ఋజువు తేగల స్థితిలో నెవరుండిరో చూడవలెను. ఏ మందు చల్లవలెనో నిర్ణయించినది ప్రభుత్వము. మాత్ర మ్రింగుమనినది ప్రభుత్వము. ఎవరెన్ని మ్రింగిరో సరిగా వ్రాసియుంచనిది ప్రభుత్వము. ఖమీసియా సంగతిని అయిదేండ్లవఱకు చెప్పనిదియు ప్రభుత్వమే. సైనికుడు ఆజ్ఞకు లోబడి నడచినవాడు. కాదనుటకు వానికి స్వాతంత్ర్యము లేదు. లెక్కలపుస్తకమును తన పెట్టెలో నుంచుకొని, లెక్క చూపుమని కూలివాని నడుగు యజమానుని మనము న్యాయవంతు డనుచున్నామా?

మన ప్రాచీనులకు రసాయనశాస్త్రము తెలియకపోవచ్చును గాని, ఈ ధర్మము తెలియును. విషము పూసిన బాణములతో పోరాడరాదని మనుస్మృతి నిషేధించినది. కొలువులో మరణించినవారి భార్యాపుత్రులకు భత్యవేతనము లీయవలెనని కౌటిల్యుడు విధించెను. సేవ చేయించుకొన్నవానికి సేవకుని కష్టమునందు పాలు కలదనుటయే యిందలి తాత్పర్యము.

అయితే ఈ న్యాయము సైనికునితో నిలిచిపోవునా? వియత్నాము పల్లెలలో ఆ మందు క్రింద దున్నుకొన్న రైతు ఎవరి యాజ్ఞకును లోబడినవాడు కాడు. వాని కాయుధమును లేదు. ఆ దేశపు బాధితులు వేసిన వ్యాజ్యమును 2005లో అమెరికా న్యాయస్థానము కొట్టివేసెను. దనాంగ్ విమానాశ్రయపు నేలను అమెరికా సాయముతో 2018 నాటికి శుభ్రపఱచిరి, మంచిదే. కాని తన సైనికునికి సంశయలాభ మొసగి, పొరుగువానిని మాత్రము సంపూర్ణమైన ఋజువు కోరుట ధర్మము కాదు, పక్షపాతము.

మనకును దీనితో సంబంధము లేకపోలేదు. సారిన్ ఏ కుటుంబమునకు చెందినదో, మన ప్రత్తిచేలలో చల్లుచు వచ్చిన మోనోక్రోటోఫాస్ మొదలగు పురుగుమందులును ఆ కుటుంబమునకే చెందినవి. ముఖమునకు గుడ్డయైనను లేక రోజుకూలికి మందు కొట్టు మనిషికి పదియేండ్లకు నరముల బలహీనత వచ్చినచో, నిరూపింపుమని యడుగుటకు ముందు, వాడేమి పీల్చెనో వ్రాసియుంచినవా రెవరో యడుగుదము.

కావున మేము కోరునవి రెండు. ఒకరి యాజ్ఞచే మఱియొకరి దేహమునకు విషము సోకు ప్రతిచోటను, ఏది, ఎంత, ఎన్నడు సోకెనో వ్రాసి, ఆ వ్రాతప్రతిని సోకినవాని చేతికీయవలెను. అట్లు వ్రాయనిచోట, వ్రాయని దోషమును రోగి తలపై మోపక, మొదట చికిత్స చేయించి పిమ్మట విచారణ సాగింపవలెను. అనర్హుడొకడు రెండు రూకలు పొందినచో ఖజానాకు కలుగు నష్టము స్వల్పము. అర్హుడొకడు అబద్ధీకుడని పేరుపొంది మరణించినచో ఆ నష్టమును పూడ్చు ఖజానా లేదు.